తాలు లేని మచ్చు

ఈ వైద్యం మొదలుపెట్టిననాడు నా చేతిలో ఉన్నవి చెబుతాను. గుంటూరు మిర్చి యార్డులో మా నాన్న పేరు మీద నడిచే కమీషన్ కొట్టు. బ్రాడీపేట నాలుగో లైనులో మేడ. కొట్లో నా పక్కన కూర్చుని, రైతులతోనూ కొనుగోలుదార్లతోనూ నాకంటే గట్టిగా మాట్లాడే కూతురు ఇందుమతి. ఒంట్లో బలం ఉండి కూడా మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేని భార్య హైమావతి. నా పేరు కోటిలింగం. కోటిలింగం మాట ఇస్తే సరుకు ఎత్తవచ్చని యార్డులో ఒక నమ్మకం ఉండేది. దాన్ని కూడా ఆస్తి కిందే వేసుకున్నాను.

హైమావతికి వచ్చింది పక్షవాతం కాదు. మెదడులో ఒక సన్నని రక్తనాళం మూసుకుపోయింది. చేయి కదులుతుంది, కాలు కదులుతుంది, మాట వస్తుంది. పోయింది వరస. గ్లాసు ఎత్తాలంటే ముందు దాన్ని చూడాలి, చేయి చాపాలి, వేళ్ళు తెరవాలి, మూయాలి, అప్పుడు ఎత్తాలి. మనం ఇవన్నీ చేస్తున్నామని కూడా మనకు తెలియదు. ఆమె ఒక్కొక్కటీ విడిగా తలుచుకుని, అది పూర్తయిందని చూసుకుని, ఆ తర్వాతే రెండోది తలుచుకోవాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటికి వచ్చేది. కంచంలో అన్నం సగం తినేలోపు గట్టిపడిపోయేది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు నా మాటకు అడ్డు చెప్పకుండా ఈమె ఒక్క పూట గడిపింది లేదు. జబ్బు పడ్డాక కూడా అడ్డు చెప్పేది. ఆ అడ్డు నోటిదాకా రావడానికి చాలాసేపు పట్టేది, అంతే తేడా.

మంగళగిరి దాటాక కొత్తగా కట్టిన ఒక ల్యాబు గురించి మా డాక్టరే చెప్పాడు. సీజన్లో కొట్టు వదిలి రాలేనంటే అక్కడి ఇంజనీరే యార్డుకు వచ్చింది. షమీమ్ అని చిలకలూరిపేట అమ్మాయి. ఘాటుకు దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూనే బల్ల మీద కూర్చుంది.

"ఏందమ్మా మీ మిషను చేసేది? నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాను.

ఆమె చెప్పబోయి, కొట్టు ముందు చూసి ఆగింది. ట్రాక్టరు నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుతున్నారు. అంతకుముందు వచ్చిన లాటు కాటా మీద ఉంది. దాని ముందుది కుట్టు పడుతోంది. ఆ ముందుది లారీకి ఎక్కుతోంది.

"ఒక లాటు దించి, తూచి, కుట్టి, లారీకెక్కించి, అదంతా అయ్యాకే రెండోది దించితే ఏమవుద్ది అంకుల్?"

"కొట్టు మూసుకోవాల" అంది ఇందుమతి. "హమాలీలంతా టీ బంకు దగ్గరే ఉంటారు."

"ఆంటీ తలలో ఇప్పుడు అదే జరుగుతుంది. ఒక పని పూర్తిగా అయితే గానీ రెండోది లోపలికి రావట్లేదు. కంప్యూటర్లో ప్రాసెసరు అట్టా కూర్చోదు. ఒక ఆదేశం నడుస్తుండగానే తర్వాతది తెచ్చుకుంటది, దాని వెనకదాన్ని విప్పి చూసుకుంటది. ఆంటీ తలలో మేం పెట్టే చిప్పు పనీ అంతే."

"ఆ తర్వాతదేందో దానికెట్టా తెలుసు? గ్లాసు ఎత్తిన మనిషి తాగుద్దో, నా మొహాన పోసిద్దో."

"నీ మొహాన్నే నాన్నా. దానికి మిషనెందుకు" అంది ఇందుమతి.

షమీమ్ నవ్వి మళ్ళీ తుమ్మింది. "అంచనా వేస్తది అంకుల్. మీరు బేరం తెగాకే లారీ పిలుస్తారా?"

"అప్పటిదాకా ఆగితే లారీ ఎక్కడ దొరికిద్ది? కొనేవాడి మొహం చూసి ముందే పిలుస్తాం."

"బేరం చెడితే?"

"లారీ వెనక్కి పోద్ది. సరుకు కదల్లేదుగా."

"ఇదీ అంతే. చిప్పు అంచనా మీద పని మొదలుపెట్టేస్తది. ఆంటీ అసలు మాట వెనకాల వస్తది. రెండూ కలిస్తే ఖాయం. కలవకపోతే చేసిందాన్ని రద్దు చేసుకుని, ఆంటీ చెప్పింది చేస్తది. ముందు ఎన్ని పనులు ఎత్తుకున్నా ఖాయం చేసేది మాత్రం ఆంటీనే."

నాకు నచ్చింది. నేను రోజూ చేసే పని ఒక చిప్పు చేస్తానంటే నమ్మడానికి నాకు పెద్దగా ఏమీ అడ్డు రాలేదు.

అంచనా వేయాలంటే దానికి మనిషి అలవాట్లు తెలియాలి. అందుకు తలకు పెట్టుకునే ఒక టోపీ ఇచ్చారు. నిద్రలో తప్ప తీయకూడదు. ఫలానా సమయంలో ఆమె ఏమి కోరుకుంది, ఏమి కాదంది, అంతా అందులోకి ఎక్కుతుంది. షమీమ్ వెళుతూ వెళుతూ మెట్ల మీద నిలబడి మళ్ళీ చెప్పింది. "ఎట్టా ఉంటే అట్టా ఉండనివ్వండి అంకుల్. కోపమొస్తే కోపం. ఏదీ ఆపొద్దు."

మిర్చిలో మచ్చు అని ఒకటుంటుంది. సంచిలోంచి తీసి కొనేవాడి ముందు పోసే నాలుగు గుప్పిళ్ళ కాయలు. అవి చూసే లాటు మొత్తానికి ధర చెబుతారు. పోసేముందు తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కన పడేయడం మా యార్డులో అందరి చేతికీ అలవాటు. అది మోసమని ఎవరూ అనుకోరు. కొనేవాడికీ తెలుసు, తెలిసే బేరమాడతాడు.

టోపీ పెట్టిన మొదటి రోజుల్లోనే హైమావతి కంచం నెట్టేసింది. చారులో ఉప్పు తక్కువని చెప్పడానికి బయలుదేరిన మాట దారిలో ఎక్కడో ఆగిపోయింది, చేయి మాత్రం ముందుకు వచ్చింది. ఆ తర్వాత ఏడ్చింది. నేను టోపీ తీసి బీరువా మీద పెట్టాను. బాగుపడ్డాక కూడా ఏడుస్తూ కూర్చోవడానికా ఇంత శ్రమ, చిప్పుకు ఇది నేర్పడం ఎందుకు అనిపించింది. ఆమె తేరుకున్నాక మళ్ళీ పెట్టాను.

అప్పటి నుంచి అదే పద్ధతి అయింది. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంటే టోపీ తీసేవాళ్ళం. ఆమె ఆడపడుచు ఫోను చేస్తే ముందే తీసేవాళ్ళం, వాళ్ళిద్దరికీ పడదు. "నాన్నా, అమ్మ అలిగింది, తీసెయ్యనా?" అని ఇందుమతి వంటింట్లోంచే కేకేసేది. టోపీ ఉన్నంతసేపు ఆమెకు ఇష్టమైనవే అడిగేవాళ్ళం. పూలు కావాలా, పెసరట్టు వెయ్యమందామా, కిటికీ దగ్గర కూర్చుంటావా. ఆమె నెమ్మదిగా సరేననేది.

రికార్డు తీసుకెళ్ళి చూశాక షమీమ్ ఫోను చేసింది. "ఆంటీ ఎంత నెమ్మదస్తురాలు అంకుల్. ఇంత సాఫీగా ఉన్న రికార్డు మాకెప్పుడూ రాలేదు."

"అవునమ్మా" అన్నాను.

ఇందుమతి పక్కనే ఉంది. చెవి వెనక గోక్కుంది.

ఆపరేషను బాగా జరిగింది. ఇంటికి వచ్చిన రోజే హైమావతి తనంతట తాను గ్లాసు ఎత్తి నీళ్ళు తాగింది. పనిమనిషి చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏడ్చింది. తర్వాత వారాల్లో హైమావతి మెట్లు ఎక్కింది, జడ వేసుకుంది, పొయ్యి దగ్గర నిలబడింది.

ఒక్క లోపం కనిపించేది. అప్పుడప్పుడు ఆగేది. నీలం చీర మీదికి చేయి వెళ్ళి, తాకబోయి, వెనక్కి వచ్చి, పచ్చ చీర తీసేది. నోరు ఒక మాటకు తెరుచుకుని, మూసుకుని, మళ్ళీ వేరే మాటకు తెరుచుకునేది. రద్దయిన పనికి కూడా కండరం ఒకసారి అదిరేది, వెనక్కి పంపిన లారీకి డీజిలు ఖర్చయినట్టు. ఆగిన ప్రతిసారీ మొహం ఖాళీగా అయిపోయేది. మా యార్డు వాళ్ళ ఇంట్లో పెళ్ళికి వెళితే, భోజనాల దగ్గర ఒకావిడ తన పిల్లల ముందు ఈమెను అనుకరించి చూపించింది. నేను చూశాను. హైమావతి కూడా చూసిందో లేదో తెలియదు.

మర్నాడు ల్యాబుకు వెళ్ళాను.

"ఆ ఆగడం పోదా?"

"అది లోపం కాదు అంకుల్" అంది షమీమ్. "అంచనా ఒకటి, ఆంటీ అనుకుంది ఇంకొకటి అయినప్పుడే ఆగుద్ది. ఆగినప్పుడు మీకు కనపడేది ఆంటీనే."

"చూసేవాళ్ళకట్టా లేదు. తగ్గించే మార్గముందా, లేదా?"

ఆమె కాసేపు పెన్ను మూత తీసి పెట్టింది. "ఆంటీ మాట వచ్చేదాకా చిప్పు కొంచెంసేపు చూస్తది. దాన్ని గడువంటాం. ఆ గడువు తగ్గించొచ్చు. అప్పుడిక ఆంటీ మాట కోసం చూడదు, అంచనానే ఖాయం చేసేసుద్ది. నేనైతే చెయ్యను."

"అంచనా తప్పిద్దా?"

"మీరిచ్చిన రికార్డు ప్రకారం దాదాపు తప్పదు."

"మరింకేందమ్మా."

వాళ్ళ డైరెక్టరుకు కూడా అదే కావాలి. బయటి నుంచి పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారు, వాళ్ళ ముందు ఆగితే బాగుండదు. అయినా పేషెంటును అడగాలని షమీమ్ పట్టుబట్టింది. హైమావతిని కూర్చోబెట్టి, గడువు తగ్గించమంటారా అని అడిగింది. హైమావతి వెంటనే, ఎక్కడా ఆగకుండా, "సరే" అంది.

ఆ తర్వాత ఇల్లు ఎంత సాఫీగా నడిచిందో చెప్పలేను. తెల్లారి లేచేది, ముగ్గు వేసేది, వంట చేసేది. నేను ఏది చెప్పినా సరేననేది. ఆడపడుచు వచ్చి పదిరోజులుంది. మాట పెరగలేదు. మేడ పై భాగం అద్దెకు ఇద్దామన్నాను, సరే. బాడుగకు వచ్చినవాళ్ళ పిల్లలు ఆమె కుండీలు విరగ్గొట్టారు, సరే. పెళ్ళయినప్పటి నుంచి నాకు దొరకని ప్రశాంతత దొరికింది. నేను దాన్ని అనుభవించాను కూడా. భోజనమయ్యాక వీధి అరుగు మీద కూర్చుంటే లోపలి నుంచి గిన్నెల చప్పుడు ఒకే తీరుగా వినిపించేది.

భాస్కరం చనిపోయినట్టు పొన్నూరు నుంచి ఫోను వచ్చింది. హైమావతికి ఒక్కడే తమ్ముడు. తల్లి పోతే ఈమే పెంచింది. మా పెళ్ళిలో కూడా వాడు ఈమె కొంగు పట్టుకునే తిరిగాడు. ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు హాల్లో తిరిగి, చివరికి పక్కన కూర్చుని చెప్పాను.

"హైమా. భాస్కరం పోయాడు. పొద్దున గుండె నొప్పి వచ్చిందంట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే."

"సరే" అంది. లేచింది. "కాఫీ పెట్టనా?"

ఇందుమతి గది తలుపు దగ్గర నిలబడి ఉంది. హైమావతి ఆమె పక్కనుంచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగిన శబ్దం వినపడింది. కాఫీ తెచ్చి ఇచ్చింది. నేను తాగాను. ఏమి చేయాలో తెలియక తాగాను.

పొన్నూరులో అందరూ ఆమె మీద పడి ఏడ్చారు. ఆమె కూర్చోమన్నచోట కూర్చుంది. తినమంటే తింది. భాస్కరం భార్య ఒకసారి తల ఎత్తి, "వదినా, నీకేం అనిపించట్లేదా?" అని అడిగింది.

"అనిపిస్తుంది" అంది హైమావతి, చాలా మర్యాదగా. వియ్యపురాలి ప్రశ్నకు చెప్పినట్టు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో వెనక సీట్లో తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. నేను ముందు కూర్చున్నాను.

"అమ్మా, మంగళగిరి వాళ్ళు పెట్టిన చిప్పు తలలో ఉంచుకుంటావా?"

"సరే."

"అమ్మా, తీయించేసుకుంటావా?"

"సరే."

"నేను రేపటి నుంచి ఇంటికి రాను. వద్దంటావా?"

"సరే."

నారాకోడూరు దాటాక డ్రైవరు రేడియో పెట్టబోతే నేనే వద్దన్నాను.

మెదడులో కుదురుకునేదాకా చిప్పును మార్పులకు వీలుగా ఉంచుతారు. ఆ కాలం ముగిసే ముందు గడువును ఒకచోట శాశ్వతంగా బిగించాలి. తర్వాత మార్చడానికి ఉండదు. ల్యాబు వాళ్ళు అందుకే రమ్మన్నారు. ఎక్కడ బిగించాలో పేషెంటే చెప్పాలి, పేషెంటు చెప్పలేకపోతే మేము చెప్పాలి.

షమీమ్ ముందుగా గడువు పూర్తిగా తెరిచింది. తెర మీద రెండు గీతలు కనిపించాయి. పైది చిప్పు అంచనా, కిందది హైమావతి సొంత మాట. షమీమ్ ఆమె ముందు బిస్కెట్టు పెట్టి, "తింటారా ఆంటీ?" అని అడిగింది. పై గీత వెంటనే లేచింది. చేయి బిస్కెట్టు దాకా వెళ్ళి ఆగింది. కింది గీత లేవలేదు. చేయి అక్కడే ఉంది. మేమంతా ఆ చేతినే చూస్తూ నిలబడ్డాం. చివరికి షమీమే ఆ చేతిని పట్టుకుని ఒళ్ళో పెట్టింది.

"లోపల నుంచి ఏమీ రావట్లేదా?" అన్నాను.

"వచ్చేది. వచ్చినా ఖాయం కాలేదుగా అంకుల్, ఎవరూ చూడలేదుగా. పంపి పంపి మెదడు పంపడం తగ్గించేసుద్ది." తెర మీద ఏదో జరిపి చూసింది. "నాకు అర్థం కానిదొకటుంది. మొదటి టోపీ రికార్డులో కాదన్న మాట ఒక్కటి లేదు. ఎంత నెమ్మదస్తులైనా ఒక్కటన్నా ఉంటది."

"ఉన్నాయి" అంది ఇందుమతి. "అమ్మ కాదన్నప్పుడల్లా మేం టోపీ తీసేశాం."

షమీమ్ నా వైపు చూడలేదు. ఇందుమతి వైపూ చూడలేదు. బల్ల మీద ఉన్న నీళ్ళ సీసా మూత బిగించి, మళ్ళీ బిగించింది.

డైరెక్టరు వచ్చి విడమరచి చెప్పాడు. గడువు ఇరుకుగా బిగిస్తే ఆమె ఇప్పటిలాగే నడుస్తుంది, వండుతుంది, నవ్వుతుంది, బతికినంతకాలం. పూర్తిగా తెరిచి బిగిస్తే చిప్పు ఆమె మాట కోసం చూస్తూ ఉంటుంది. ఆ మాట ఎప్పుడైనా రావచ్చు, అసలు రాకపోవచ్చు. అప్పటిదాకా ఆమె జబ్బు రోజులకంటే హీనంగా ఉంటుంది. తనైతే ఇరుకే బిగిస్తానన్నాడు. చేతిలో ఉన్నదాన్ని వదులుకోవడం నాకు అలవాటు లేదు. ఆయన మాటే సబబుగా తోచింది.

వరండాలోకి వచ్చాక ఇందుమతి అంది, "ఇరుకు పెట్టిస్తే ఇంట్లో తిరిగేది అమ్మ కాదు నాన్నా. మనం పోసిన మచ్చు."

"అది అన్నం వండుద్ది. మాట్లాడిద్ది. తెరిపిస్తే ఏముంటదే? గుమ్మంలో నిలబడ్డ మనిషి గుమ్మంలోనే ఉంటది."

"ఉండనియ్. ఉన్నది అమ్మ."

నేను కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల అద్దంలోంచి హైమావతి కనిపిస్తోంది. షమీమ్ మళ్ళీ ఇరుకు పెట్టినట్టుంది, ఎవరో ఏదో అడిగితే తల ఊపుతోంది. ఎదుటివాడు కాదనడానికి వీలుంటేనే అది బేరం. కాదనలేని మనిషితో ఒప్పించుకున్నదాన్ని మా యార్డులో కూడా బేరమనరు. ఇన్నాళ్ళుగా ఆమె నాకు చెప్పిన సరేలన్నీ ఒక పక్కకు పెట్టి చూశాను. వాటిలో నిలబడేది ఏదీ కనపడలేదు.

లోపలికి వెళ్ళి, పూర్తిగా తెరిచి బిగించమన్నాను. డైరెక్టరు మళ్ళీ ఆలోచించుకోమన్నాడు. అక్కర్లేదన్నాను. షమీమ్ పని మొదలుపెట్టింది.

ఇంటికి వచ్చిన రోజు హైమావతి కారులోంచి ఒక కాలు కింద పెట్టి ఆగింది. ఎండ ఆమె భుజం మీద నుంచి వెనక్కి జరిగిపోయింది. అద్దెకున్నవాళ్ళు చూస్తూ నిలబడ్డారు. నేనూ ఇందుమతీ ఆమెను ఎత్తి లోపలికి తెచ్చాం.

కొట్టు ఇందుమతికి అప్పజెప్పాను. యార్డులో నన్ను చూసి సరుకు ఎత్తేవాళ్ళు కొందరు వేరే కొట్లకు వెళ్ళారు, కొందరు అమ్మాయి దగ్గరే ఉన్నారు. నేను ఇంట్లో ఉండి అన్నం కలిపి పెట్టేవాడిని. ముద్ద నోటి దగ్గర పెడితే పెదవులు తెరుచుకునేవి, ఆగేవి. తెరుచుకుంది చిప్పు అంచనా, మింగాల్సింది ఆమె. ఒక్కోసారి మింగేది, దేహం తనంతట తానే. జవాబు రాదని తెలిసినా అడుగుతూ ఉండమని షమీమ్ చెప్పింది. ఫ్యాను వెయ్యనా అని అడిగేవాడిని. దీపం తియ్యనా అని అడిగేవాడిని. అడిగి కూర్చునేవాడిని. మొదట్లో బాధగా ఉండేది. తర్వాత బాధ కూడా తెలియలేదు. అడగడం, కూర్చోవడం. వానలు వచ్చి వెళ్ళాయి. కొత్త పంట యార్డుకు దిగడం మొదలైందని ఇందుమతి ఒంటి మీది ఘాటును బట్టి తెలిసింది.

ఒక మధ్యాహ్నం హైమావతి మంచం మీద కూర్చుని ఉంది. నేను కుర్చీ లాక్కుని, రోజూ అడిగినట్టే అడిగాను.

"ఇక్కడ కూర్చోనా?"

ఆమె పెదవులు సరే అనడానికి కదిలాయి. ఆగాయి. అది రోజూ జరిగేదే. కానీ ఈసారి పెదవులు వెనక్కి వచ్చి మూసుకున్నాయి. గొంతు కింద నరం ఒకటి అదిరింది. మళ్ళీ పెదవులు సరేకే కదిలాయి, మళ్ళీ మూసుకున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. వీధిలో గ్యాసు బండి వాడు గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నేను కదలలేదు. కుర్చీ వెనక పట్టుకున్న నా చేయి తిమ్మిరెక్కింది.

"వద్దు" అంది.

నా కళ్ళలోకి చూసే అంది.

"బయటికి వెళ్ళనా?" అన్నాను.

దానికి జవాబు రాలేదు. అక్కర్లేదు కూడా. కుర్చీ తీసుకుని బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేశాను. అరుగు మీద కూర్చుని ఇందుమతికి ఫోను చేశాను. యార్డులో వేలం పాట జరుగుతున్నట్టుంది, వెనక కేకలు వినపడుతున్నాయి.

"అమ్మ వద్దంది" అన్నాను.

"దేనికి?"

"నేను పక్కన కూర్చోవడానికి."

అవతల ఇందుమతి ఎవరితోనో, పాట కాసేపు ఆపమని చెప్పడం వినపడింది.

చివరికి లెక్క ఇది. కొట్టు నా చేతిలో లేదు. నడిచి, వండి, నవ్వి, ఏది చెప్పినా సరేనన్న మనిషి లేదు. నా మాట మీద సరుకు ఎత్తేవాళ్ళు సగమే ఉన్నారు. ఇవన్నీ పోయినవి. వచ్చింది ఒక్క మాట, అది కూడా నన్ను పక్కన ఉండవద్దన్న మాట. దాన్ని జమ కింద వేసుకున్నాను.